ఎడమ మణికట్టు మీద మచ్చ

మా ఇంట్లో ఒక నీలం ఫైలు ఉంది. దాన్ని ముట్టుకునే ముందు చేతులు కడుక్కోవాలి. నవ్వకండి, ఆ రూలు పెట్టింది నేనే. నా పదో తరగతి సర్టిఫికెట్ మొదలుకొని మా పెళ్ళి రిజిస్ట్రేషన్ కాగితం, మా అమ్మాయి ఇషిత పుట్టినప్పుడు ఆసుపత్రి వాళ్ళిచ్చిన చీటీ వరకు అన్నీ అందులోనే ఉంటాయి. ఒక్కోదానికి పదేసి జిరాక్సులు. హైదరాబాద్ నుంచి న్యూజెర్సీకి, అక్కణ్ణుంచి కెనడాలో ఈ బర్నబీకి వచ్చినప్పుడు నగలు సూట్‌కేసులో పడేశాను గానీ ఫైలును మాత్రం విమానంలో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ట్రే దించుకోవడానికి చోటు లేక మా ఆయన ట్రేలోంచే రెండు ముద్దలు తిన్నాను.

అలాంటి ఫైలు మొన్న బుధవారం సాయంత్రం తెరిచి చూస్తే నా పదో తరగతి సర్టిఫికెట్ లేదు.

మర్నాడు పొద్దున్న పదిన్నరకు నాకు సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ. మా ఆయన అనంత్‌కీ, ఇషితకీ పోయినేడాదే అన్నీ అయిపోయాయి. నాది ఎందుకో వెనకబడింది. వచ్చిన లెటర్‌లో, అప్లికేషన్‌తో పంపిన కాగితాల ఒరిజినల్స్ అన్నీ వెంట తెచ్చుకోండి అని ఉంది. పదో తరగతి సర్టిఫికెట్ పంపమని నన్ను ఎవరూ అడగలేదు. నేనే పంపాను. అడగనివి కూడా పంపితే ఈవిడ దగ్గర దాపరికం లేదని వాళ్ళకి తెలుస్తుంది కదా అనుకున్నాను. ఆ అతితెలివే నా కొంప ముంచింది.

"ఏమండీ! నా టెన్త్ సర్టిఫికెట్ ఏదీ?" అని కేకేశాను.

"ముందే ఉంది కదా, తళతళలాడుతూ" అన్నారు అనంత్, లాప్‌టాప్‌లోంచి తల ఎత్తకుండా.

"అది కలర్ జిరాక్సండీ!"

"అవునా? లామినేషన్ చేసుంటే అదే ఒరిజినల్ అనుకున్నా. మొన్న ఇషీ కాపీలేవైనా ఉన్నాయా అంటే, దాని వెనకాల ఓ పాత కాగితం ఉంది, అది తీసుకోమన్నా. మడతలు పడి, రంగు మారి, మూల పురుగు కొట్టేసి ఉంది. ఎందుకూ పనికిరాదులే అని…"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒరిజినల్‌ని ఎవరైనా లామినేట్ చేయిస్తారా? చేయిస్తే చెల్లదని మా ఊళ్ళో జిరాక్సు షాపాయనకి కూడా తెలుసు. ఈయనకి తెలియదు. ఈయన ఇరవై రెండేళ్ళుగా ప్రాజెక్ట్ మేనేజర్.

"దేనికట దానికి కాపీలు?"

"డ్రాయింగ్‌కట" అన్నారు, ఈసారి తల ఎత్తి, కొంచెం భయంగా.

ఇషిత గురించి చెప్పాలి. పంతొమ్మిదేళ్ళు. కొండ మీద యూనివర్సిటీలో రెండో సంవత్సరం చదువుతోంది. కంప్యూటర్ సైన్సు తీసుకోవే అని నేను చెవినిల్లు కట్టుకుని పోరితే, సరేనని తలూపి వెళ్ళి బొమ్మల కోర్సులో చేరింది. మా గరాజ్‌లో కారు ఉండదు, దాని బొమ్మలుంటాయి. కారు బయట వానలో తడుస్తుంటుంది. అవి మామూలు బొమ్మలైనా బాగుండును. ఇది చెట్టు, ఇది పిట్ట అని చెప్పగలిగే బొమ్మ ఒక్కటి కూడా అది వేయగా నేను చూడలేదు.

నేను విసురుగా గరాజ్ తలుపు తీసేసరికి మా పిల్ల నేల మీద గొంతుక్కూర్చుని ఓ పెద్ద చెక్క మీదికి వంగి ఉంది. మూడడుగుల పొడుగు, రెండున్నర వెడల్పు ఉంటుంది ఆ చెక్క. దాని మీద దళసరి కాగితం. కాగితం నిండా బొగ్గు గీతలు. ఒక పక్కన నా వెంకటగిరి చీర అంచు ముక్క అతికించి ఉంది, అదీ నన్ను అడగలేదు. ఎర్రదారంతో అడ్డదిడ్డంగా కుట్లు. ఒక పక్క ఏదో తుడవబోయి వదిలేసినట్టు అరిటాకంత గోధుమరంగు మరక. సరిగ్గా నడిమధ్యలో నా సర్టిఫికెట్, నాలుగు మూలలా జిగురుతో అతికి, ముప్పాతిక భాగం తెల్లరంగు కింద మునిగి ఉంది.

నా పేరు సగం పోయింది. మా నాన్నగారి పేరు పూర్తిగా పోయింది. లెక్కల్లో నాకు తొంభై ఒకటి వచ్చాయి, అవీ పోయాయి. నిజం చెబుతున్నాను, మా నాన్నగారి పేరు కంటే ఆ తొంభై ఒకటి పోయినందుకే ఎక్కువ గిలగిలలాడాను.

"ఏవే! ఏం పని చేశావే ఇదీ!" అని అరిచాను.

"అమ్మా, రిలాక్స్. ఇట్ ఈజ్ యూ" అంది. నేను ఏం అడిగినా అది ఇంగ్లీషులోనే మొదలుపెడుతుంది, నేను మరీ మండిపడితేనే తెలుగులోకి దిగుతుంది.

"నేనా? ఇదా? ముక్కేదీ?"

"ముక్కు ఉండదు. ఫేస్ ఉండకూడదు, అదే అసైన్‌మెంట్. మెమొరీ అండ్ ఐడెంటిటీ. నీకు క్లోజ్‌గా ఉన్న ఒక మనిషిని, ఫేస్ లేకుండా డ్రా చెయ్యాలి."

"నన్ను అడిగితే ఏదైనా చెప్పేదాన్ని కదా! నా సర్టిఫికెట్ మీద పడ్డావేం?"

"అడిగాను. త్రీ టైమ్స్. నువ్వు, ఏముందే చెప్పడానికి, చదువుకున్నాం, పెళ్ళయింది, వచ్చాం అన్నావ్. తర్వాత పప్పులో ఉప్పు చూడమన్నావ్."

అన్నాను. కాదనను.

"అది ఒరిజినలే తల్లీ! రేపు పొద్దున్న ఆఫీసరుకి చూపించాలి!"

అప్పుడు మాత్రం దాని మొహం పాలిపోయింది. "నాన్న కాపీ అన్నాడు" అంది. నాన్న సంగతి తర్వాత చూద్దామని నేను వంటింట్లోకి పరుగెత్తి, కెటిల్‌లో నీళ్ళు మరిగించి, అట్లకాడ పట్టుకుని తిరిగొచ్చాను. ఆవిరి పట్టిస్తే జిగురు వదులుతుంది. మా చిన్నప్పుడు కవర్ల మీద ముద్ర పడని స్టాంపులు అలాగే ఊడదీసేవాళ్ళం. పనిలో పనిగా ఆ గోధుమరంగు మరకను తడిగుడ్డతో తుడిచేద్దామనుకున్నాను, ఆఫీసుకి వెళ్ళేది కాస్త శుభ్రంగా వెళుతుంది కదా అని.

"అమ్మా, నో! అది మరక కాదు! అది తుడవకు!" అని ఇషిత బొమ్మకి అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడింది. "రేపు ఫోర్ ఓ'క్లాక్‌కి సబ్మిషన్. ఆ పేపర్ తీస్తే ఏమీ ఉండదు. మొత్తం దానిమీదే ఉంది."

"దేనిమీద?"

అది వేలు పెట్టి చూపించింది. తెల్లరంగు కింద మునగకుండా మిగిలింది ఒకే ఒక్క లైను. టైపు చేసిన పాత ఇంగ్లీషు అక్షరాలు. పుట్టుమచ్చలు, రెండోది: ఎడమ మణికట్టు మీద ఒక మచ్చ. బొగ్గు గీతలన్నీ ఆ లైను దగ్గర మొదలై నాలుగు వైపులకీ పోతున్నాయి.

"నా ఫస్ట్ మెమొరీ అది, అమ్మా" అంది ఇషిత, నా మొహంలోకి అదోలా చూస్తూ. "నీ ఒళ్ళో కూర్చున్నా. నీ చెయ్యి. చేతి మీద మచ్చ. అంతకు ముందుది ఏదీ గుర్తు లేదు."

నా చేతిలో అట్లకాడ అలాగే ఉండిపోయింది. ఎందుకంటే నా ఎడమ మణికట్టు మీద మచ్చ లేదు. ఎప్పుడూ లేదు.

ఇది ముప్పై మూడేళ్ళనాటి సంగతి. తొంభై రెండులో, గోదావరి జిల్లాలో మా హైస్కూల్లో, పబ్లిక్ పరీక్షలకి మా వివరాలన్నీ రాసి పంపే రోజు. మన దగ్గర చదువుకున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, పిల్లలకి అర్థం కాదు కాబట్టి చెబుతున్నాను. పేరు, తండ్రిపేరు, పుట్టిన తేదీ రాశాక కింద రెండు గళ్ళుండేవి, రెండు పుట్టుమచ్చలకి. పేరు ఎవరైనా మార్చుకోగలరు, తేదీ ఎవరైనా దిద్దుకోగలరు, ఒంటి మీద మచ్చ మాత్రం ఎవరూ పెట్టుకోలేరని గవర్నమెంటు వారి నమ్మకం.

అరవై రెండు మంది ఆడపిల్లలం లైనులో నిలబడ్డాం. ఆఖరి పీరియడ్. లెక్కల టీచర్ భ్రమరాంబగారు రిజిస్టరు ముందేసుకుని ఒక్కొక్కరి మచ్చలూ వెతికి రాస్తున్నారు. లైనంతా ఒకటే గోల, చేతులు చూసుకునేవాళ్ళు, ఓణీ సర్దుకుని మెడలు చూపించుకునేవాళ్ళు. నా ముందు నిలబడ్డ ధరణికి పదకొండు మచ్చలున్నాయి. వాటిలో ఏ రెండు రాయాలో తేల్చుకోలేక టీచర్ విసుక్కున్నారు. తర్వాత నేను. కుడిచెవి కింద ఒకటి దొరికింది.

"రెండోది?"

"లేదండీ."

"లేకపోవడమేంటే, అందరికీ ఉంటాయి. సరిగ్గా చూసుకో."

చూసుకున్నాను. మోచేతులు చూపించాను, పాదాలు చూపించాను. ఒక్కటంటే ఒక్కటి లేదు. ఇంతలో బెల్లు కొట్టారు. టీచర్ బస్సు ఐదింటికి. ఆవిడ ఒక్క క్షణం కలం ఆపి, రిజిస్టరును అదిమిపట్టుకున్న తన ఎడమచేతి వంక చూసుకున్నారు. ఆ మణికట్టు మీద మిరియపు గింజంత మచ్చ ఉంది. గబగబా రాసేశారు. తలకిందులుగానే చదివాను నేను.

"టీచర్, అది మీ మచ్చండీ."

"నీకూ వస్తుందిలే. వయసొస్తే అవే వస్తాయి. పో, నెక్స్ట్!"

నేను ఎదురుచూశాను. ఒట్టు. రెండేళ్ళు రోజూ స్నానం చేసి మణికట్టు చూసుకునేదాన్ని. రాలేదు. ఎంసెట్ రాసే రోజు మొదటిసారి బాల్‌పెన్నుతో పెట్టుకున్నాను. నీలంగా వచ్చింది. నీలం మచ్చ ఎవరికైనా ఉంటుందా అని హాల్లో మూడు గంటలూ చెయ్యి ఒళ్ళో దాచుకుని, ఒంటిచేత్తో పరీక్ష రాశాను. పాస్‌పోర్టుకి వెళ్ళినప్పుడు కాటుక పెట్టాను. అది చెమటకి కరిగి కుంకుడుగింజంత అయి కూర్చుంది. ఐబ్రో పెన్సిల్ అనేది చేతికి వచ్చాకే నా బతుకు బాగుపడింది. ఇంతవరకు ఎవరైనా అడిగారా, ఏదమ్మా నీ మచ్చ అని? ఒక్కరూ అడగలేదు. కానీ అడగరులే అని ధైర్యం చేసి వెళ్ళిన రోజే అడుగుతారు, నా అదృష్టం నాకు తెలుసు.

మామూలు రోజుల్లో అక్కడ వాచీ ఉంటుంది, వెడల్పాటి పట్టీతో. మా ఆయనకి ఈ సంగతి తెలియదు. పెళ్ళై ఇరవై మూడేళ్ళయింది గానీ ఆయన మణికట్లు చూసే రకం కాదు.

ఇప్పుడు నా కూతురు, మొట్టమొదటి జ్ఞాపకం అమ్మ చేతి మచ్చ అంటోంది. వాచీ కింద ఆ మచ్చ ఇంకా భద్రంగా ఉందనుకుంటోంది కాబోలు. దాని మొదటి జ్ఞాపకం నా ఐబ్రో పెన్సిల్! సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది. చెబితే ఆ బొమ్మ నడుం విరుగుతుంది, రేపు నాలుగింటికి అది ఏం పట్టుకెళ్ళాలి? చెప్పకపోతే ఓ అబద్ధానికి రంగులేసి, కింద నా కూతురు సంతకం పెట్టి పదిమంది ముందు వేలాడదీస్తుంది. మా టీచర్ బస్సు కోసం రాసిన ముక్క అది. ఆ రాత ఎక్కడి దాకా వచ్చిందో చూడండి.

"సరే, పీకను" అన్నాను.

"రియల్లీ?"

"పీకను. కానీ నాకు ఒరిజినల్ కావాలి. కాబట్టి రేపు మొత్తం చెక్కంతా మోసుకుని ఇంటర్వ్యూకి పోదాం. అట్నుంచి అటే నువ్వు కొండెక్కెయ్."

అది నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నేనేదో చెబుతానని ఎదురుచూస్తున్నట్టు ఇంకాసేపు నిలబడి, "ఓకే" అంది.

పొద్దున్న బాత్రూములో అద్దం ముందు పెన్సిల్ తీశానో లేదో, "అమ్మా, లేట్ అవుతోంది!" అని తలుపు దబదబా బాదింది. దాని ఎదురుగా ఎలా పెట్టుకోను? పెన్సిల్ హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుని, వాచీ బిగించుకుని బయల్దేరాను. కారు అనంత్ తీసుకెళ్ళిపోయారు. ఆయన ఆ పూట మామూలుకంటే గంట ముందే ఆఫీసుకి వెళ్ళారు, ఎందుకో నేను ప్రత్యేకం చెప్పక్కర్లేదు.

బొమ్మకి రెండు పెద్ద చెత్తసంచులు తొడిగి, టేపు చుట్టి, ఆ చివర అది, ఈ చివర నేను పట్టుకుని స్కైట్రైన్ స్టేషన్‌కి నడిచాం. వాన. ప్లాట్‌ఫాం మీద గాలికి ఆ చెక్క తెరచాపలా లేచి నన్ను వెనక్కి రెండడుగులు లాక్కుపోయింది. రైల్లో ఎక్కాక దాన్ని తలుపు పక్కన నిలబెట్టి ఇద్దరం చెరోవైపు కాపలా కాశాం. ఎదుటి సీట్లో పెద్దాయన ఒకాయన కాసేపు చూసి చూసి, "టీవీనా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"కాదు, మా అమ్మ" అంది ఇషిత.

ఆయన సంచి వంక చూశాడు, నా వంక చూశాడు, మళ్ళీ సంచి వంక చూశాడు. తర్వాతి స్టేషన్ వచ్చేదాకా కిటికీలోంచి తల తిప్పితే ఒట్టు. నేను ఆపుకోలేక ఫక్కున నవ్వాను. అదీ నవ్వింది. నవ్వుతూనే అనుకున్నాను, ఎంత నమ్మకంగా అంటోందో కదా మా అమ్మ అని.

ఆఫీసు గుమ్మం దగ్గర సెక్యూరిటీ ఆవిడ సంచులు విప్పమంది. విప్పాం. ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని బొమ్మను కిందనుంచి పైదాకా చూసింది.

"ఏమిటిది?"

"నా పదో తరగతి సర్టిఫికెట్" అన్నాను, నాకు వచ్చిన ఇంగ్లీషులోకెల్లా మర్యాదైన ఇంగ్లీషులో.

"ఇదంతానా?"

"మధ్యలోదండీ. మిగతాది నేనేనట."

ఆవిడకి ఏం అర్థమైందో గానీ, గోడకి ఆనించి పెట్టుకోండి, ఎవరికీ తగలకుండా చూడండి అని లోపలికి వదిలేసింది.

టోకెన్ తీసుకుని కూర్చున్నాం. నాకంటే ముందు నలుగురున్నారు. బాత్రూముకి వెళ్ళొస్తానంటే, "ఇప్పుడు పిలుస్తారు, కూర్చో" అంది నా కూతురు. ముగ్గురయ్యారు. ఇక లాభం లేదని లేచి, బొమ్మ సరిగ్గా ఆనిందో లేదో చూస్తానన్న వంకతో దాని పక్కకి వెళ్ళి గోడవైపు తిరిగాను. వాచీ విప్పాను. పెన్సిల్ మూత తీశాను.

"ఏం చేస్తున్నావమ్మా?"

అటుపక్క నుంచి తల పెట్టి చూస్తోంది. నా కుడిచేతిలో పెన్సిల్, ఎడమచెయ్యి బోసిగా చాచి ఉంది. ఇంతకంటే అడ్డంగా ఎవరూ దొరికిపోలేరు.

"ఇలా రా. కూర్చో" అన్నాను. ఇద్దరం బెంచీ మీద కూర్చున్నాం. "ఇషీ, నీకో మాట చెప్పాలి. కోప్పడకు. కోప్పడినా ఫరవాలేదు. ఆ మచ్చ నాది కాదు."

గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. భ్రమరాంబ టీచర్, బెల్లు, బస్సు, బాల్‌పెన్ను, కాటుక, అన్నీ. "నీ బొమ్మంతా అబద్ధం చేశానే. నిన్నే చెప్పాల్సింది. నా మచ్చ నీకు గుర్తుందన్నావు చూడు, అది ఈ పెన్సిల్ తల్లీ. నాకు మచ్చ లేదు."

అది నా మణికట్టు వంక చూస్తూ కూర్చుంది. తర్వాత నెమ్మదిగా, "తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"ఊడిపోతుందని." తన కుడిచేతి బొటనవేలు నా ముందు నిలబెట్టింది. "దీనికి అంటుకుంది."

నాకు అర్థం కాలేదు. అది చెప్పడం మొదలుపెట్టింది, ఈసారి తెలుగులోనే, మాటమాటకీ ఆగి వెతుక్కుంటూ.

"చాలా పెద్ద లైన్. చాలా వేడి. నీ ఒళ్ళో ఉన్నా. నాకు బోర్ కొట్టింది. నీ మచ్చని ఇలా రుద్దుతున్నా, రుద్దుతున్నా, సడన్‌గా అది లేదు. నా వేలి మీద ఉంది. నిన్ను పాడుచేశాననుకున్నా. భయమేసి వేలు ఫ్రాక్ లోపల పెట్టుకున్నా. తర్వాత ఆ గ్లాస్ విండో దగ్గర అతను ఏదో అన్నాడు, నువ్వు బయటికొచ్చి ఏడ్చావ్. నాన్నకి ఫోన్ చేసి ఏడ్చావ్."

నాకు గుర్తొచ్చింది. రెండు వేల పది, జూన్. హైదరాబాద్‌లో వీసా ఇంటర్వ్యూ. అనంత్ అప్పటికి ఆరు నెలలుగా న్యూజెర్సీలో ఉన్నారు. నాకూ ఇషీకీ డిపెండెంట్ వీసా. పొద్దుట్నుంచి ఎండలో నిలబెట్టి, చివరికి కాగితాలు ఇంకా చూడాలని ఒక చీటీ చేతిలో పెట్టి పంపేశారు. మూడు నెలలు పట్టింది.

"నావల్లే అనుకున్నా" అంది ఇషిత. "మచ్చ నేను తీసేశాను కాబట్టి, నువ్వు నువ్వు కాదని పంపేశారనుకున్నా. నాన్న దగ్గరికి వెళ్ళలేకపోయాం కదా. రోజూ నాన్న ఫోన్‌లో ఎప్పుడొస్తారు అంటుంటే నేను మాట్లాడేదాన్ని కాదు, గుర్తుందా? ఎవరికీ చెప్పలేదు."

"ఇన్నేళ్ళూనా?"

"గ్రేడ్ సిక్స్‌లో తెలిసింది, మోల్స్ అలా ఊడి రావని. బట్ అప్పటికి సారీ ఫీలవడం అలవాటైపోయింది." అది బొమ్మ వైపు చూసింది. "నిన్న నువ్వు తుడుస్తానన్నావు చూడు, బ్రౌన్‌గా. అది మరక కాదమ్మా. నా థంబ్."

చూశాను. అరిటాకంత మరకలో సన్నటి గీతలు, సుడులు సుడులుగా. నాలుగేళ్ళ పిల్ల బొటనవేలిని అంత పెద్దది చేసి వేసుకుంది. తడిగుడ్డ పట్టుకుని వెళ్ళాను నేను దాని మీదికి.

నాకు ఆ రోజు ఇంకో సంగతి కూడా గుర్తొచ్చింది, ఇంతవరకు ఎవరితోనూ అననిది. ఆ గాజు కిటికీ ముందు నిలబడి కిందికి చూసుకుంటే చేతి మీద మచ్చ లేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. చెమటకి పోయిందనుకున్నాను. చెయ్యి పమిట కింద దాచుకున్నాను, అతను అడిగినవాటికి నంగినంగిగా జవాబులు చెప్పాను. వీసా ఆగింది అనంత్ కంపెనీ కాగితమేదో తక్కువైనందుకని తర్వాత తెలిసింది. తెలిసినా నేను నమ్మలేదు.

"నేనూ అదే అనుకున్నానే" అన్నాను. "ఆ మూడు నెలలూ నావల్లే అనుకున్నాను. మచ్చ సరిగ్గా పెట్టుకోలేదని."

"నువ్వూనా?"

"ఓసి పిచ్చిమొహమా! అప్పుడే ఏడ్చి చెప్పొచ్చు కదే! నాలుగేళ్ళ పిల్లవి, ఇంత కడుపులో పెట్టుకుని తిరుగుతావా?"

"నువ్వు చెప్పావా మరి?"

దాన్ని దగ్గరికి లాక్కున్నాను. నా భుజం మీద తల పెట్టి అది ఏడ్చింది, నేనూ ఏడ్చాను, మధ్యలో ఇద్దరికీ నవ్వొచ్చింది. పక్క బెంచీ ఆవిడ మాకు టిష్యూ పేపర్ల పెట్టె అందించి, అంతా మంచే జరుగుతుందని ధైర్యం చెప్పింది. వీసానో ఏదో పోయిందనుకుని ఉంటుంది పాపం.

తెరమీద నంబరు మారింది. నా ముందు ఇంకొక్కరే ఉన్నారు. ఇషిత కళ్ళు తుడుచుకుని, "ఇక్కడ ఎవరూ చూడరమ్మా, మోల్స్ అవీ" అంది.

"తెలుసు" అన్నాను. పెన్సిల్ దాని చేతిలో పెట్టి, నా ఎడమచెయ్యి దాని ఒళ్ళో చాపాను. "అయినా పెట్టు."

"ఎక్కడ?"

"నాకేం తెలుసు, అది నా మచ్చ కాదుగా. నీకు గుర్తున్న చోట పెట్టు."

అది నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, నా మణికట్టును రెండుసార్లు అటూ ఇటూ తిప్పి చూసింది. నేను ఎప్పుడూ పెట్టుకునే చోటుకి కాస్త పైన, బొటనవేలి వైపుకి, ఒక చుక్క పెట్టింది. మెల్లగా ఊదింది. తర్వాత పెన్సిల్ నాకిచ్చేసి, నా నంబరు పిలిచేదాకా కుడిచేతి బొటనవేలు పిడికిట్లో దాచుకుని కూర్చుంది.